ఆపితే వేడెక్కే కారు

కారు నడుస్తున్నంతసేపూ చల్లగా ఉంటుందనీ, ఆపితేనే వేడెక్కుతుందనీ, కాబట్టి ఆపకపోవడమే దానికి మందనీ కనిపెట్టిన మహానుభావుణ్ని నేను. ఈ సిద్ధాంతం వల్ల ఒక ఇంజను పోయింది. ఒక పెద్దమనిషి పరువు పోబోయి వెంట్రుకవాసిలో తప్పింది. మా బావ నాతో మళ్లీ మాట్లాడడానికి ఒక వానాకాలం పట్టింది. ఇంత నష్టం చేయడానికి నాకు కావలసి వచ్చిందల్లా బొటనవేలంత ఇత్తడి ముక్క. ఎలా చేశానో చెబుతాను. మీలో కారూ బావమరిదీ రెండూ ఉన్నవాళ్లు కాస్త దగ్గరికి జరిగి వినండి.

ఎనభైల నడిమి మాట. కొరాపుట్ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో నేను టెక్నీషియన్‌ని, డిప్లొమా చదివినవాణ్ని. డిప్లొమా చదివినవాడికి ఒక చిక్కుంది. ఇంజనీరు కాడు కాబట్టి ఫ్యాక్టరీలో అతని మాట ఎవరూ వినరు. వినేవాళ్ల కోసం సెలవు రోజున చుట్టాలిళ్లకు వెళ్తాడు. నా చుట్టాలిల్లు రాయగడలో ఉండేది. అక్కడ మా అక్క, బావ సింహాచలం కాపురం.

బావకు ఒక పాత డీజిల్ అంబాసిడర్ ఉండేది. రాయగడ స్టేషన్లో దిగినవాళ్లను కొరాపుట్ చేర్చడం ఆయన బతుకుతెరువు. అప్పటికి ఆ దారిన రైలు లేదు. లక్ష్మీపూర్ వైపు ఘాటీ, అంటే కొండదారి, ఎక్కితే గానీ కొరాపుట్ రాదు. బావ కారు ఘాటీ ఎక్కదు. అసలే ఎక్కదని కాదు గానీ, మనుషులు నిండా కూర్చుంటే ఎక్కదు. నిటారు మలుపుల దగ్గర బావ వెనక్కి తిరిగి "బాబూ, కొంచెం దిగండి" అనేవాడు. వాళ్లు దిగి నడిచేవాళ్లు. బావ కారులో సామాను ఎప్పుడూ మనుషుల కంటే ముందు కొండెక్కేది.

అలాంటి రోజుల్లో మా ఫ్యాక్టరీవాళ్లు రాయగడ స్టేషన్ నుంచి అతిథులను తీసుకురావడానికి నెలవారీ బాడుగకు ఒక కారు కావాలన్నారు. బావ అర్జీ పెట్టుకున్నాడు. బాడుగ బళ్ల వ్యవహారం చూసే అకౌంట్స్ ఆఫీసరు ఒకసారి ప్రయాణం చేసి చూస్తానన్నాడు. ఆ ఆఫీసరును ఘాటీలో దించి నడిపిస్తే ఏమవుతుందో ఊహించడానికి డిప్లొమా అక్కర్లేదు.

"ఈ బాడుగ రాపోతే మీ బావ కారు అమ్మేత్తాడట రాజూ," అంది అక్క. "పారొతీపురం ఎల్లిపోయి ఆలన్నయ్య బెల్లం కొట్లో కూసుంతాడట."

"ఎల్తే ఏటక్కా?"

"ఎల్తే ఏటా? మా తోడికోడలు గుమ్మంలో నిలబడి 'వచ్చేరా అమ్మా' అంతాది. అన్నాక నవ్వుతాది సూడు, ఆ నవ్వు నానెరుగుదును."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా అక్క తోడికోడలు ఇంకా నవ్వనే లేదు, అక్క అప్పుడే కొంగు కళ్లకు అద్దుకుంది. చిన్నప్పుడు నన్ను చంకనెక్కించుకుని తిప్పిన అక్క. ఆమె కన్నీళ్లు తుడవడానికే దేవుడు నన్ను పుట్టించాడని తీర్మానించుకున్నాను. ఈ విషయంలో దేవుణ్ని మాత్రం ఎవరూ సంప్రదించలేదు.

ఆ వారమే రాయగడ తుక్కు సామాన్ల కొట్టులో, ఏదో విదేశీ జనరేటరు నుంచి ఊడదీసిన చిన్న టర్బో నా కంటపడింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. టర్బో అంటే ఇంజను వదిలే పొగతో తిరిగే ఫ్యాను. అది బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు గట్టిగా కొట్టి దాని అడుగు పట్టుకున్నవాళ్లందరికీ ఇది తెలుసు. ఆ వేడిగాలి మితిమీరి ఇంజనులోకి పోతే పిస్టన్లు కరుగుతాయి. కాబట్టి లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉందో చూపించే ముల్లు ఒకటి డ్రైవరు ముందుండాలి. ముల్లు ఎర్రగీత దాకా వస్తే యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలి. ఇంతవరకు నేను చెప్పినదంతా సరైనదే. ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గాలి వేడి కొలిచే అసలైన సెన్సర్ మా ఫ్యాక్టరీ కేటలాగులో ఉంది. సన్నటి తీగ, చుట్టూ చిల్లుల గొట్టం, గాలి నేరుగా తీగకు తగులుతుంది. "తక్షణ స్పందన" అని దాని పక్కన రాసి ఉంది. ధర చూసి నేను కేటలాగు మూసేశాను. తీగకు అంత ధర ఏమిటి, అది తక్షణం స్పందించకపోతే కొంప మునుగుతుందా అనుకున్నాను. వేడి వేడే. ఇప్పుడు చెప్పినా వేడే, కాస్త ఆగి చెప్పినా వేడే.

చవకైన దారి కోసం చాలా వెతికాను. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదని త్వరగానే తెలిసింది. దానికి మనిషి జ్వరం దాటిన వేడి తెలియదు. ల్యాబులో వాడే గాజు థర్మామీటరు ఒకటి సంపాదిస్తే, అది రాయగడ ఊరి పొలిమేర దాటకముందే గోతుల్లో విరిగిపోయింది. చివరికి అదే తుక్కు కొట్టులో లారీ రేడియేటర్లో నీళ్ల వేడి చూపించే సెన్సర్లు గుట్టగా పోసి కనిపించాయి. దళసరి ఇత్తడి పొట్ట, కింద మర. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. బరువున్న వస్తువులో నాణ్యత ఉంటుందని మా నాన్న బిందెలు కొనేటప్పుడు అనేవాడు. నేను ఆ సూత్రాన్ని ఎలక్ట్రికల్ శాఖకు కూడా వర్తింపజేశాను.

గుడ్డిగా కొన్నానని అనుకోకండి. పరీక్ష చేసే కొన్నాను. జేబు నిండా సెన్సర్లు తెచ్చి, ముల్లు డబ్బాకు తగిలించి, అక్క వంటింట్లో ఒక్కొక్కటీ మరుగుతున్న నీళ్లలో ముంచాను. ముంచడం ఆలస్యం, ముల్లు దిగ్గున లేచింది. చన్నీళ్లలో పెడితే అంత చురుగ్గానూ దిగింది. నాకు కళ్లు చెమర్చాయి. నీళ్లు చాలక అక్క చారులో కూడా ముంచాను.

"ఒరే, ఆటిని లారీలోంచి తీసేరా?" అంది అక్క.

"కడిగేనక్కా."

"దేంతో కడిగేవు?"

"పెట్రోలుతో."

ఆ పూట చారు ఎవరూ తినలేదు. కానీ పరీక్ష నెగ్గింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది ఖర్చు తగ్గించడానికి నేనే తీసేశాను.

మీకు ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. నాకు రాలేదు. నీళ్లు ఇత్తడిని నలువైపులా అంటిపెట్టుకుని వేడిని క్షణంలో ఇచ్చేస్తాయి. గాలి అలా ఇవ్వదు. ఆవిరి పొంగే గిన్నె పక్కన చెయ్యి పెట్టి మాట్లాడుతూ నిలబడగలం, గిన్నెలో పెట్టి నిలబడలేం. గాలి ఆ దళసరి ఇత్తడిని వేడిచెయ్యాలంటే బతిమాలుకోవాలి. నేను గాలిలో వాడబోయేదాన్ని నీళ్లలో పరీక్షించాను. పెళ్లికొడుకును చూడడానికి వెళ్లి వాళ్ల అన్నను చూసి మెచ్చుకుని వచ్చినట్టు.

అది చాలనట్టు, ఇంజను సెగ తగిలి తప్పు చూపిస్తుందేమోనని సెన్సర్‌ను మందపాటి ఇనప గొట్టంలో బిగించి, పైన ఆస్బెస్టాస్ తాడు చుట్టాను. అసలే బద్ధకస్తుడు, పైగా దుప్పటి కప్పాను. టర్బో బిగించాను. డీజిల్ ఎక్కువ పోయేలా పంపు స్క్రూ కూడా కాస్త ఉదారంగా తిప్పాను. ముల్లు డబ్బాను బావ కళ్లెదురుగా పెట్టి, ఎర్రగీత నేనే గీశాను.

మొదటి రోజు బావ వీధివాళ్లను నలుగురిని ఎక్కించుకుని ఘాటీకి బయలుదేరాం. ఎవరూ దిగలేదు. కారు ఈల వేస్తూ మలుపులు ఎక్కేసింది. బావ ముఖం వెలిగిపోయింది. నేను కారుకేసి చూడలేదు, ముల్లుకేసి చూశాను. అది అడుగునే ఉంది.

"ఏదో మాడు వాసనొత్తంది రాజూ," అన్నాడు బావ.

"ముల్లు సూడు బావా. సల్లగా ఉంది."

"వెనక పొగ నల్లగొత్తంది."

"ముల్లు సూడు బావా."

ఘాటీ పైన అమ్మవారి గుడి ఉంది. ఆ దారిన పోయే లారీ అయినా బస్సయినా అక్కడ ఆగవలసిందే. డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టి, బొట్టు తెచ్చి స్టీరింగుకు పెట్టి, పక్క కొట్లో టీ తాగి, రేడియేటర్లో నీళ్లు పోసుకుని బయలుదేరతాడు. మేమూ ఆగాం. బావ కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు ముల్లు కదిలింది. టీ గ్లాసులు వచ్చేసరికి సగం దాటింది. టీ తాగడం అయ్యేసరికి ఎర్రగీత మీద కూర్చుంది.

అసలు జరిగింది ఇది. చివరి మలుపులో గాలి ఎంత వేడెక్కిందో ఆ సంగతి ఇత్తడి పొట్టలోకి దిగి, ముల్లుకు చేరేసరికి మేం టీ తాగుతున్నాం. దానికి తోడు ఆగిన ఇంజను సెగ. కానీ మేం ఇద్దరం చెరొక సిద్ధాంతం చేశాం.

బావ లెంపలేసుకున్నాడు. "అమ్మోరికి ఈ పంకా ఇట్టం నేదురా. సరిగ్గా గుడి ముందరే వేడెక్కింది సూడు."

"అమ్మోరికీ టర్బోకీ ఏటి సంబంధం బావా? నడిసినంతసేపూ గాలి తగిలి సల్లగా ఉంది. ఆగితే గాలి నేదు, వేడెక్కింది. ఆపకుండా ఎల్తే సరి."

"గుడి దగ్గిర ఆపకుండా ఎలాగెల్తాము? నా పాతికేళ్ల సర్వీసులో ఆపకుండా ఎల్లనేదు."

మరుసటి వారం ఆపకుండా వెళ్లి చూపించాను. గుడి దాటాక రోడ్డు చదును, ఇంజనుకు బరువు లేదు, లోపలికి చల్లగాలే పోతోంది. ముల్లు సగం దాకా వచ్చి బద్ధకంగా వెనక్కి తిరిగింది. సిద్ధాంతం రుజువైపోయింది. బావ నోరు మూసుకున్నాడు గానీ మనసు ఒప్పుకోలేదు. అమ్మవారికి బాకీ పడ్డానని అన్నం సరిగ్గా తినడం లేదని అక్క చెప్పింది. అందుకని మధ్యేమార్గం ఆలోచించాను. కారు ఆపకుండానే కిటికీలోంచి కొబ్బరికాయ విసరమన్నాను. బావ ఏడుపు ముఖంతో విసిరాడు. అది గుడి మెట్టుకు తగిలి పగలకుండా ఎగిరి, పూజారి చెంబును దొర్లించి, లోయలోకి పోయింది. పూజారి లేచి నిలబడి మా కారు నెంబరు చదువుకోవడం అద్దంలో కనిపించింది.

"కాయ పగల్నేదు," అన్నాడు బావ.

"ముల్లు సూడు బావా," అన్నాను నేను.

ఆఫీసరు వచ్చే రోజు వచ్చింది. పాఢీ బాబు అనే ఒడియా పెద్దమనిషి. సరిహద్దు ఊళ్లలో ఉద్యోగం చేసి తెలుగు బాగా నేర్చుకున్నాడు. రైలు దిగి, స్టేషన్ ముందు వేడి వేడి మిరపకాయ బజ్జీలు ఇష్టంగా తిని, రెండు గ్లాసుల టీ తాగి కారెక్కాడు. వెనక సీట్లో ఆయన, ఆయన గుమాస్తాలు, వాళ్ల పెట్టెలు. ముందు సీట్లో సాంకేతిక సలహాదారుగా నేను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంట్లో బయలుదేరేముందే గుమ్మంలో నిలబడి అక్క మా ఇద్దరికీ దిష్టి తీసింది. దిష్టి ఎవరి వల్ల తగులుతుందో ఆమెకు తెలియదు పాపం.

ఘాటీ మొదట్లోనే పాఢీ బాబు కాస్త కదిలాడు. "సింహాచలం, గాడి టికే రఖ. కొంచెం ఆపు."

బావ కాలు బ్రేకు మీదికి పోయింది. నేను ఆయన మోకాలు పట్టుకున్నాను.

"సార్, ఈ కారు ఆపకూడదండి. ఆపితే వేడెక్కుతుంది. కాకిరిగుమ్మలో ఆపుతాం."

"కాకిరిగుమ్మ ఎంత దూరం?"

"ఘాటీ ఎక్కి, లక్ష్మీపూర్ దాటాకండి."

ఆయన గుమాస్తాల వైపు చూశాడు. వాళ్లు కిటికీలోంచి కొండల వైపు చూశారు. ఆయనకు ధైర్యం చెబుదామని నేను వెనక్కి తిరిగి టర్బో గురించీ, గాలి వేడి గురించీ, చవకలో సెన్సర్ ఎంచుకోవడంలో నేను చూపించిన నేర్పు గురించీ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన ముఖం ఎర్రబడుతుంటే ఆసక్తి అనుకున్నాను.

రెండు మలుపులు దాటాక ఆయన గొంతు మారింది. "బాబూ, ఇది బజ్జీల సంగతి. మీ సైన్సు తర్వాత వింటాను. కారు ఆపండి."

"ఒరే ఆపేత్తాన్రా," అన్నాడు బావ మెల్లగా. "పెద్దాయన మొకం సూడు."

"ముల్లు సూడు బావా. ఎంత సల్లగా ఉందో సూడు. ఇప్పుడు ఆపితే ఎర్రగీత కెక్కిపోద్ది. ఆయన ముందర అలాగైతే బాడుగ మాటేటి? అక్క మాటేటి?"

అక్క పేరు చెప్పేసరికి బావ కాలు మళ్లీ యాక్సిలరేటరు మీదికి వెళ్లింది. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఆ మనిషికి తెలిసిన విద్య ఒకటే, ఇంజను చప్పుడు వినడం. చప్పుడు బాగోలేదని ఆయన చెవులు చెబుతూనే ఉన్నాయి. చెవులను నమ్మొద్దని చెప్పింది నేను.

చివరి మలుపు ముందు ఈల ఆగిపోయింది. లోపల ఎక్కడో ఇనప చెంబులో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడైంది. తర్వాత ఢామ్మని ఒకటే శబ్దం. తెల్లటి పొగ ముందు నుంచీ, నల్లటి పొగ వెనక నుంచీ వచ్చి మా మీద కలుసుకున్నాయి. కారు తనంతట తాను, చాలా మర్యాదగా, రోడ్డు పక్కన ఒక పొద ఎదురుగా ఆగింది.

పాఢీ బాబు తలుపు తీసుకుని పొద వెనక్కి వెళ్లిపోయాడు.

బావ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అప్పుడే, చచ్చిపోయిన ఇంజను ముందు, ముల్లు నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది. లేచి లేచి ఎర్రగీత దాటింది. నేను బావ భుజం తట్టి, నా జీవితంలో అన్నిటికంటే సిగ్గుమాలిన మాట అన్నాను.

"సూసేవా బావా, నాను సెప్పలేదా? ఆగేము, వేడెక్కింది."

బావ తలెత్తి నన్ను చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. నెమ్మదిగా దిగి, రోడ్డుకు అవతలి గట్టు మీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అప్పుడు మొదలైన మౌనమే నేను ముందు చెప్పిన వానాకాలం.

కాసేపటికి పాఢీ బాబు తిరిగి వచ్చాడు. వెళ్లిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. ముఖంలో గొప్ప ప్రశాంతత. చేతులు తుడుచుకుంటూ ముల్లు వైపు వంగి చూశాడు.

"ఇది ఏం చూపిస్తుంది?"

"ఇంజనులోకి పోయే గాలి వేడండి."

"ఇంజను నడవడం లేదు. గాలి పోవడం లేదు. మరి ఎవరి వేడి చూపిస్తోంది?"

బానెట్ ఎత్తి సెన్సర్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. అప్పుడు, ఆ కాలిన వేళ్లు నోట్లో పెట్టుకున్నప్పుడు, వంటింట్లో చారూ, గాలీ, ఇత్తడీ, దుప్పటీ అన్నీ వరసగా అర్థమయ్యాయి. అర్థమైనంత వరకు వివరించాను. ముల్లు అబద్ధం చెప్పలేదనీ, జరిగిపోయినదాన్ని ఆలస్యంగా చెప్పిందనీ అన్నాను.

పాఢీ బాబు తల పంకించాడు. అకౌంట్స్ మనిషి కదా, నాకంటే తొందరగా గ్రహించాడు. "తెలిసింది. ఇది ఆడిట్. అంతా మునిగిపోయాక వచ్చి ఎర్రగా చూస్తుంది."

ఆయన, గుమాస్తాలు వెనక వచ్చిన లారీ ఎక్కి వెళ్లిపోయారు. సామానూ మనుషులూ మొదటిసారి కలిసి కొండెక్కారు. ఇంకో లారీవాడు మా కారును తాడు కట్టి గుడి దాకా లాగాడు. పూజారి మమ్మల్ని గుర్తుపట్టాడు. బావ నిలబడి కొబ్బరికాయ కొట్టాడు. అది ఒక్క దెబ్బకు పగిలింది.

ఇంటికి వెళ్లాక జరిగింది వివరంగా రాయలేను. అక్క నాకు అన్నం పెట్టింది. పెట్టి, ట్రంకు పెట్టెలో చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. పార్వతీపురం వెళ్లడానికని చెప్పక్కర్లేదు. నా బోనసంతా పిస్టన్లుగా మారింది, టర్బో మళ్లీ తుక్కు కొట్టుకు పోయింది. బావ కారు మళ్లీ పాత కారైపోయి, మళ్లీ మనుషులను దించి కొండెక్కసాగింది.

వానలు తగ్గుముఖం పడుతుండగా పాఢీ బాబు బావకు కబురు పెట్టాడు. బావ భయపడుతూ ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసు కాగితాలు చదివి పెట్టడానికని తప్పనిసరై నన్ను వెంట తీసుకెళ్లాడు. వెళ్లేసరికి బాడుగ మాదే అన్నాడు ఆయన. ఇద్దరం నమ్మలేదు.

"నాకు కారు అక్కర్లేదు, డ్రైవరు కావాలి," అన్నాడు పాఢీ బాబు. "ఆ రోజు నేను అడిగిన ప్రతిసారీ నీ కాలు బ్రేకు మీదికి పోయింది సింహాచలం. వెనక నుంచి చూశాను. షరతులు మూడు. అతిథులు ఘాటీలో నడవరు, కాబట్టి ఇద్దరికి మించి ఎక్కించుకోకు. ఎవరు ఆపమన్నా ఎక్కడైనా ఆపు."

"అలాగేనండి. మూడోది?" అన్నాను నేను, బావ తరఫున.

ఆయన నా వైపు తిరిగి, చాలా మర్యాదగా చెయ్యి చూపించాడు.

"ఇతను ఆ కారు ఎక్కకూడదు."

బావ పగలబడి నవ్వాడు. ఘాటీ తర్వాత ఆయన నోటి వెంట నేను విన్న మొదటి శబ్దం అది. ఆ నవ్వు వినడానికి ఇంకో ఇంజను పోగొట్టమన్నా పోగొట్టేవాణ్ని, కాకపోతే ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం అక్క ట్రంకు పెట్టెలోంచి చీరలు బయటికి తీసింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సమక్షంలో శపథం చేస్తున్నాను. గాలిలో పెట్టేదాన్ని నీళ్లలో పరీక్షించను, చారులో అసలే పరీక్షించను. బరువును బట్టి బిందెలు తప్ప మరేదీ కొనను. కొండ మీద ఎవరైనా బండి ఆపమంటే, ముల్లు ఎక్కడున్నా సరే, ఎందుకని అడగకుండా ఆపిస్తాను. ఈ శపథం ఇన్నేళ్లుగా తప్పకుండా నిలబెట్టుకున్నానని మీరు మెచ్చుకోనక్కర్లేదు. మూడో షరతు ఇప్పటికీ అమల్లోనే ఉంది. బావ తర్వాత మూడు కార్లు మార్చాడు. మా అక్క ఇంటికి నేను బస్సులోనే వెళ్తున్నాను.